డొలీనా క్లాసులో పదకొండు గుడ్లు

మా అక్క డొలీనా టీచరునవుతానని ముప్పై ఏడో ఏట అంది. లోపల ఎప్పటినుంచి ఉందో నాకు తెలియదు. పైకి అన్నది మాత్రం ఆ ఏడే. అప్పటికి ఆమె చేపల షెడ్డులో పద్నాలుగేళ్ళు పనిచేసింది. సాల్మన్ చేపను రెండు కోతల్లో ముల్లు మీంచి విడదీసేది. కొత్తగా చేరినవాళ్ళకి కత్తి పట్టడం నేర్పే పని కూడా ఆమెదే. మేనేజరు మేనల్లుడు ఒకడుండేవాడు, రెండు చోట్ల తరిమేస్తే వచ్చి పడ్డవాడు. వాడికి కూడా నాలుగు రోజుల్లో పని నేర్పింది.

"ఆ మొద్దుకి ఎలా నేర్పావే?" అని నేనడిగాను.

"వాడి చెయ్యి ఎక్కడ ఆగిపోతోందో చూశాను. అంతే."

వంటింటి బల్ల మీద, పోస్టులో వచ్చే పాఠాలు చదువుతూ, ఆరేళ్ళకి డిగ్రీ పూర్తి చేసింది. నేను గ్లాస్గోలో రెండేళ్ళు కాలేజీకి వెళ్ళి సగంలో వదిలేసి వచ్చినవాణ్ణి. "ఒకడు ఉన్న చదువు పారేసుకున్నాడు, ఒకతి లేని చదువు వెతుక్కుంటోంది. నా కడుపున పుట్టినవాళ్ళలో మధ్యరకం లేదు" అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

మా దగ్గర చిన్నపిల్లల బడిలో పాఠం చెప్పాలంటే డిగ్రీ ఒక్కటే సరిపోదు. దాని మీద ఇంకో ఏడాది ట్రైనింగు ఉంటుంది. సగం చదువు, సగం బడిలో ప్రాక్టీసు. ప్రాక్టీసు రెండుసార్లు. ఒక్కోసారి యూనివర్సిటీ నుంచి ట్యూటర్ వచ్చి, క్లాసు వెనక చిన్న కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, పాస్ అయిందీ లేనిదీ రాసిపోతుంది.

అక్క మొదటి ప్రాక్టీసు మా దీవిలోని స్టోర్నోవే టౌనులో. క్లాసులో ఇరవై ఎనిమిది మంది. ప్రతి పాఠానికీ నాలుగు పేజీల ప్లాను రాసుకునేది. ఏ నిమిషంలో ఏ ప్రశ్న అడగాలి, ఫలానా జవాబు వస్తే తను ఏమనాలి, అన్నీ అందులోనే. నవంబరులో ట్యూటర్ మిసెస్ పెట్రీ వచ్చి చూసింది. యాభై దాటిన మనిషి, నవ్వు తక్కువ, చెప్పులు ఖరీదైనవి. ఆమె రాసిన కాగితం అక్క నాకు చూపించింది. "ప్లాను చాలా బాగుంది. పిల్లలే దానికి అడ్డం వస్తున్నారు" అని ఉంది. కింద ఫెయిల్.

అక్క ఆ కాగితం మడిచి, కూర్చుని బంగాళాదుంపలు తొక్క తీసింది. మేం ముగ్గురం తినేవాటికి రెండింతలు తీసింది. అమ్మ ఇంకో గిన్నె తెచ్చి పక్కన పెట్టింది.

రెండో ప్రాక్టీసు కూడా తప్పితే కోర్సు నుంచి బయటికే. మళ్ళీ చేర్చుకోరు. చేపల షెడ్డులో ఆమె చోటు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు.

ఆ రెండో ప్రాక్టీసు ఏప్రిల్లో మా ఊళ్ళోనే పడింది. మా క్రోసవిక్ బడి అంటే రెండు గదులు, ఒక వంటగది, గాలికి వంగిపోయిన ఒక కంచె. చిన్నపిల్లల గదిలో అయిదు నుంచి ఎనిమిదేళ్ళ దాకా అందరూ కలిసి పదకొండు మంది. హెడ్ టీచర్ ఎఫీ, మా అక్కని ఆ గదికి పంపుతూ ఒకే మాట చెప్పింది: "డొలీనా, మేలో గుడ్లు పొదిగిస్తాం. ఈ ఏడాది గుడ్ల బాధ్యత నీది."

ఏటా ఆ గదిలో కరెంటుతో నడిచే పొదిగే పెట్టె పెడతారు. గుడ్లు బడి కాపలాదారు టోర్మోడ్ ఇంటి కోళ్ళవి. టోర్మోడ్‌కి అరవై ఏళ్ళు. గొర్రెలు, కోళ్ళు, బడి తాళాలు, చర్చిలో సంఘపెద్ద పదవి, అన్నీ ఆయనవే. పదకొండు మంది పిల్లలు పదకొండు గుడ్ల మీద పెన్సిల్‌తో తమ పేర్లు రాసుకున్నారు. ఇనిస్ అనే ఏడేళ్ళవాడు గుడ్డు మీద పేరుతో పాటు ఇంటి నంబరు కూడా రాశాడట, తప్పిపోతే తెచ్చిస్తారని. గురువారం పెట్టెలో పెట్టారు. ఇరవై ఒక్క రోజులు, అంటే మూడు వారాల తర్వాతి గురువారానికి పిల్లలు రావాలి. మిసెస్ పెట్రీ ఆ వారం సోమవారమే వస్తానని ఉత్తరం రాసింది.

మా ఊళ్ళో శనివారం సాయంత్రం ఎలా ఉంటుందో చెప్పాలి. ఆదివారం విశ్రాంతి దినం. బట్టలు ఆరెయ్యం, అంగడి తెరవం, పిల్లలు ఉయ్యాల కూడా ఎక్కరు. అందుకని శనివారమే దుంపలు తొక్క తీసిపెట్టుకోవాలి, సూపు కాచిపెట్టుకోవాలి, పొయ్యిలో కాల్చడానికి పీట్ అనే ఎండు మట్టిగడ్డలు తట్టల్లో లోపలికి తెచ్చుకోవాలి, బూట్లు తుడుచుకోవాలి. చివరికి గది గదికీ తిరిగి గోడ మీది స్విచ్చులన్నీ కట్టెయ్యాలి. మా ఇంట్లో ఆ ఆఖరి పని అక్కది. ఆరేళ్ళప్పుడు అందక పీట ఎక్కి కట్టేదని అమ్మ చెప్తుంది.

ఆ శనివారం అక్క సోమవారపు పాఠం కోసం బడికి వెళ్ళింది. భిన్నాల పాఠం. కాగితపు పడవలు మడిచి, సగానికీ పావుకీ రంగులు వేసి, బల్లల మీద సర్దింది. నేల తుడిచింది. అయిదింటికి బయలుదేరుతూ గది చుట్టూ ఒక్కసారి తిరిగి స్విచ్చులు కట్టేసింది. ఆ మాట ఆమెకే తెలియదు. కట్టింది ఆమె కాదు, ఆమె చెయ్యి. టోర్మోడ్ తాళం వేశాడు.

మర్నాడు చర్చిలో మేం ముగ్గురం వెనక నుంచి మూడో బెంచీలో కూర్చున్నాం. నాకు పెద్ద భక్తి లేదు, అమ్మ కోసం వెళ్తాను. కీర్తన అయింది. మా చర్చిలో వాయిద్యాలు ఉండవు. ముందు ఒకాయన పాదం అందిస్తే, మిగిలినవాళ్ళు దాన్ని అలలాగా లేపి దించి పాడతారు. తర్వాత ప్రసంగం. అది మొదలయ్యే ముందు పిప్పరమెంటు బిళ్ళల పొట్లం బెంచీ వెంట చేతులు మారుతుంది. అమ్మ తనకొకటి తీసుకుని, అక్కకి అందించింది. అక్క చెయ్యి చాపింది. ఆ చెయ్యి వంకే చూస్తూ ఉండిపోయింది. బొటనవేలు ఒక్కసారి, స్విచ్చి నొక్కినట్టు, కిందికి కదిలింది.

"అమ్మా."

"ష్."

"అమ్మా, కట్టేశాను."

"ఏం కట్టేశావే?"

"గుడ్లు."

ఇంట్లో పొయ్యి మీద గుడ్లు పెట్టి వచ్చిందేమోనని అమ్మ అనుకున్నట్టుంది. "కట్టేశావుగా, మరి ఇంకేం?" అంది.

"బడిలో గుడ్లే! పొదిగే పెట్టె!"

అమ్మ నోట్లో బిళ్ళ ఆ దవడ నుంచి ఈ దవడకి మారింది. "ఇంకో గంటేగా. అయ్యాక వెళ్దువుగాని."

"గంటా?"

తాళంచెవి టోర్మోడ్ దగ్గర ఉంది. టోర్మోడ్ ఎక్కడున్నాడు? మా చర్చిలో సంఘపెద్దలు ప్రసంగ వేదిక కిందే, జనం వైపు తిరిగి కూర్చుంటారు. ఆయన దగ్గరికి వెళ్ళాలంటే నడవా పొడుగునా నడవాలి, నూట యాభై మంది ముందు, ప్రసంగం నడుస్తుండగా. అలా ఎవ్వరూ లేవరు. దగ్గొచ్చినా మింగేస్తారు.

అక్క లేచింది.

ఆమె బూట్ల చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. పాస్టరు గారు మాట ఆపేశారు. అక్క వెళ్ళి టోర్మోడ్ చెవి దగ్గర వంగి ఏదో చెప్పింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థన చేసుకుంటున్నాడో, తిట్టుకుంటున్నాడో తెలియలేదు. తర్వాత బెంచీ కింద నుంచి టోపీ తీసుకుని లేచాడు. ఇద్దరూ వెనక్కి నడిచి వస్తుంటే నా బెంచీ దగ్గర అక్క ఆగి, "కారు తాళాలు" అంది. నేనూ లేచాను. అమ్మ తల వంచుకుని పిప్పరమెంటు చప్పరిస్తూ ఉండిపోయింది.

బడిలో గది చల్లగా ఉంది. మే నెల అని పేరే గాని, మా దీవిలో సముద్రపు గాలి గోడల్లోంచి కూడా దూరుతుంది. పెట్టె మీది అంకె పన్నెండు డిగ్రీలు చూపిస్తోంది. ముప్పై ఏడున్నర ఉండాల్సింది. టోర్మోడ్ ఒక గుడ్డు తీసి చెంపకి ఆనించుకున్నాడు.

"ఎన్నింటికి కట్టేశావు?"

"అయిదింటికి."

"ఇప్పుడు పన్నెండున్నర."

"చచ్చాయా?" అన్నాను నేను.

"నువ్వు నోరు మూసుకో" అంది అక్క.

"కోడి కూడా గూటి మీంచి లేచిపోతుంది" అన్నాడు టోర్మోడ్, స్విచ్చి వేస్తూ. "మేతకి పోతుంది, వస్తుంది."

"పంతొమ్మిది గంటలు పోతుందా?" అక్క అడిగింది.

"అలా పోయే కోడైతే కోసి తినేద్దును."

నాకు నవ్వాగలేదు. ఆ ఊపులోనే, "మరి విశ్రాంతి దినాన స్విచ్చి వెయ్యొచ్చా, టోర్మోడ్ గారూ?" అన్నాను.

"అవసరానికీ కనికరానికీ ఆదివారం అడ్డురాదురా. నీ వాగుడికి మాత్రం వస్తుంది. వెళ్ళి టార్చి పట్రా."

పెట్టె మెల్లగా వేడెక్కడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ అక్క చిన్నపిల్లల కుర్చీలో కూర్చుని పెట్టె మీది అంకే చూసింది. తర్వాత చీపుళ్ళ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, గుడ్లు ఒక్కొక్కటే టార్చి ముందు పెట్టి చూశాం. లోపల పిల్ల బతికుంటే ఆ వెలుగులో నీడ కదులుతుంది. మొదటిది కదల్లేదు. రెండోది కదిలింది. అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. మొత్తం అయిదు కదిలాయి. ఆరు కదల్లేదు.

కదలని వాటిలో మర్సాలీది ఒకటి. మర్సాలీ అంటే ఆరేళ్ళ పిల్ల, రోజూ బడికి రాగానే కోటు కూడా విప్పకుండా పెట్టె దగ్గరికి పరిగెత్తి తన గుడ్డుకి గుడ్ మార్నింగ్ చెప్పే పిల్ల.

అక్క బల్ల సొరుగు లాగి రబ్బరు తీసింది. కదలని గుడ్డొకటి చేతిలోకి తీసుకుంది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు టోర్మోడ్.

"పేర్లు చెరిపేస్తాను. అన్నిటి మీదా. ఏది ఎవరిదో తెలియకపోతే పుట్టినవి అందరివీ అవుతాయి. ఎవ్వరూ ఏడవరు." రబ్బరు గుడ్డుకి ఆనించింది. "కనికరమే కదా ఇది కూడా."

"ఎవరి మీద?"

టోర్మోడ్ ఆ మాట తిట్టినట్టు అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. అక్క గుడ్డు తిప్పి దాని మీది పేరు చదివింది. చివరికి పేరున్నవైపు పైకి వచ్చేలా పెట్టెలో పెట్టింది. రబ్బరు సొరుగులో పడేసింది.

"కదలనివన్నీ చచ్చినట్టు కాదు" అన్నాడు టోర్మోడ్ తలుపు తాళం వేస్తూ. "బతికినట్టూ కాదు."

ఇంటికెళ్ళేసరికి అమ్మ శనివారపు సూపు వెచ్చబెట్టి ఉంచింది. "సంఘమంతా చూసింది. ఇంక సిగ్గుపడటానికి ఏమీ మిగల్లేదు గాని, తిను" అంది.

అమ్మ అన్నది నిజం. చెప్పాలా దాచాలా అన్న చర్చకి కూడా చోటు లేదు. ఊరంతటికీ తెలుసు. తెలియనిది ఒక్క మిసెస్ పెట్రీకే.

సోమవారం జరిగింది నేను చూడలేదు. ఎఫీ చెప్పింది, టోర్మోడ్ చెప్పాడు, అక్క అందరికంటే తక్కువ చెప్పింది. మిసెస్ పెట్రీ పొద్దున్న విమానంలో దిగి తొమ్మిదికల్లా వెనక కుర్చీలో కూర్చుంది. బల్లల మీద కాగితపు పడవలు. అక్క హాజరు పుస్తకం తెరిచింది.

ఇనిస్ చెయ్యెత్తాడు. "మిస్, మీరు ప్రసంగం మధ్యలో లేచి వెళ్ళిపోయారంట కదా?"

"అవును, ఇనిస్."

"మా తాత చెప్పాడు. నలభై ఏళ్ళలో అలా లేచింది ఇంకొక్కడేనంట. వాడికి గుండెపోటంట."

పిల్లలు నవ్వారు. మర్సాలీ నవ్వలేదు. కోటుతోనే పెట్టె పక్కన నిలబడి ఉంది. "మిస్, మీరు మా గుడ్ల కరెంటు తీసేశారా?"

వెనక కుర్చీలో మిసెస్ పెట్రీ పెన్ను మూత తీసిందట. ఎఫీ చూసింది. అక్క ప్లాను మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. తర్వాత ఆ నాలుగు కాగితాలూ బోర్లించింది.

"తీసేశాను. కావాలని కాదు. శనివారం మా ఇంట్లో స్విచ్చులు కట్టేస్తాను కదా, అలాగే ఇక్కడా కట్టేశాను. తప్పు నాదే."

"నాది చచ్చిపోయిందా?"

"నాకు తెలీదు. నిన్న చూసినప్పుడు కదల్లేదు."

ఎఫీ నాతో చెప్పిన మాట ఇది: "టౌను బడిలో మీ అక్క నిశ్శబ్దం వస్తే చాలు మాటలతో పూడ్చేసేదట. సోమవారం మాత్రం రెండు నిమిషాలు అలాగే ఉంచింది. నాకే ఊపిరాడలేదు."

నిశ్శబ్దాన్ని ఇనిస్ చెరిపాడు. "మా అమ్మ చలికి బిగుసుకుపోయిన గొర్రెపిల్లని పొయ్యి పక్కన పెట్టింది. మేం చచ్చిందనే అనుకున్నాం. సాయంత్రానికి లేచి చెప్పు నమిలింది."

"ఎంతసేపు చలిలో ఉంది?" అక్క అడిగింది.

"రాత్రంతా."

"మన గుడ్లు ఎంతసేపు ఉన్నాయో లెక్క కట్టగలమా? శనివారం అయిదు నుంచి ఆదివారం పన్నెండున్నర."

పెద్దపిల్లలు గోడ గడియారం దించి ముల్లు తిప్పారు. చిన్నపిల్లలు గంటకొక పడవ చొప్పున నేల మీద వరస పెట్టారు. పంతొమ్మిది పడవలు, తర్వాత సగం మడిచిన ఒకటి. ఆ తర్వాత చీపుళ్ళ గదిలోకి ఒక్కొక్కరూ తన గుడ్డు తీసుకుని వెళ్ళారు. రేపటి నుంచి వాటిని కదపకూడదని టోర్మోడ్ చెప్పాడు కాబట్టి అదే ఆఖరి అవకాశం. గోడ మీద పెద్ద కాగితం అంటించి అక్క రెండు గళ్ళు గీసింది: కదిలింది, కదల్లేదు.

మర్సాలీ బయటికొచ్చి, "ఇంకో గడి కావాలి" అంది.

"ఏ గడి?"

"తెలీదు."

"నీకు తెలీదా?"

"గడి పేరే 'తెలీదు'! కదలకపోతే చచ్చిపోయిందని నాకు తెలీదు కదా."

అక్క మూడో గడి గీసింది. రెండో గడిలో ఉన్న ఆరు పేర్లూ పిల్లలే తీసుకెళ్ళి మూడో గడిలో రాశారు. రెండో గడి ఖాళీగా మిగిలింది.

పాఠం అయ్యాక టీ గదిలో మిసెస్ పెట్రీ కాగితాలు ముందేసుకుంది.

"మీ ప్లాను ప్రకారం ఇవాళ భిన్నాలు."

"అవునండీ."

"నాకెక్కడా కనబడలేదు."

"పంతొమ్మిదిన్నర గంటలు. అందులో ఒక అర ఉందండీ."

ఎఫీ టీ కప్పు అడ్డం పెట్టుకుని నవ్వింది. మిసెస్ పెట్రీ నవ్వలేదు.

"పోయినసారి మీరు పిల్లల్ని చూడలేదు. ఇవాళ చూశారు. కానీ ఒకటి చెప్పండి, డొలీనా. ఇవాళ్టి పాఠం మీరు ఎంచుకున్నారా, గతిలేక చెప్పారా?"

"గతిలేకే. ఊరంతా చూసిందిగా."

"నిజం చెప్పారు, అది ఒకందుకు మంచిదే. కానీ గతిలేక చెప్పిన పాఠానికి నేను పాస్ రాయలేను. ఫెయిలు రాయడానికి కూడా మనసొప్పడం లేదు." ఆమె పెన్ను మూత పెట్టేసింది. "ఈ వారమంతా దీవిలో వేరే బడులు చూస్తున్నాను. శుక్రవారం మధ్యాహ్నం నా విమానం. శుక్రవారం పొద్దున మళ్ళీ వస్తాను. కోడిపిల్ల పుట్టని పిల్లలకి మీరు ఏం చెప్తారో చూస్తాను. అప్పుడు రాస్తాను."

ఆ నాలుగు రోజులు మా ఇల్లు ఇల్లులా లేదు. అంగడికెళ్తే సరుకులకంటే ముందు, "పెంకు ఏమైనా పొడిచాయా?" అని అడిగేవాళ్ళు. అక్క వంటింటి బల్ల మీద తెల్లకాగితం పెట్టుకుని కూర్చునేది. రాసేది, చింపేది.

"ఆ మర్సాలీకి మన పిల్లికూననొకదాన్ని ఇచ్చేద్దామే" అంది అమ్మ.

"అది లంచం, అమ్మా."

"లంచమైతే ఏం, మంచి పిల్లికూన."

గురువారం గడిచింది. పెట్టెలో చప్పుడు లేదు. చలి తగిలితే ఒక రోజు ఆలస్యమవుతుందని టోర్మోడ్ అన్నాడు గాని, అంటూ ఎటో చూశాడు. సాయంత్రం అక్క, "షెడ్డులో నాకు మళ్ళీ చోటుంటుందేమో అడిగి చూస్తావా?" అని నన్నడిగింది. నేను అడగనన్నాను. మొదటిసారి ఆమె మాటకి ఎదురుచెప్పి మంచిపని చేశాను.

శుక్రవారం ఆరున్నరకి టోర్మోడ్ ఫోను. "ఒకటి పెంకు పగలగొడుతోంది. రెండోది లోపల కూస్తోంది. రా."

పదింటికల్లా నాలుగు కోడిపిల్లలు బయటపడ్డాయి. తడిసి, వికారంగా, మెడ నిలవక. ఇనిస్‌ది వచ్చింది. కదిలిన అయిదింట్లో మూడు వచ్చాయి, రెండు రాలేదు. మూడో గడిలో రాసినవాటిలో ఒకటి, ఎవ్వరూ అనుకోనిది, వచ్చింది. గది గోలగోలగా ఉంది. మర్సాలీది రాలేదు.

మిసెస్ పెట్రీ వెనక కుర్చీలో కూర్చుని ప్లాను అడిగింది. అక్క అప్పుడే రాసిన ఒకే కాగితం ఇచ్చింది. అందులో ఇలా ఉంది: "పుట్టినవాటికి ఏడుగురు పేరు పెడతారు, నలుగురు ఊరుకుంటారు. కోడిపిల్ల పుట్టనివాళ్ళు ఏమడుగుతారో నాకు తెలియదు. అడిగేదాకా ఆగుతాను. అడిగింది చేస్తాను." ఏడుగురంటే కోడిపిల్ల రానివాళ్ళు. పేరు పెట్టే హక్కు వాళ్ళకే ఇచ్చింది. ఇనిస్ దానికి కాసేపు గొణిగాడు, తన పిల్లకి ఇంటి నంబరే పేరు పెట్టుకుందామనుకున్నాడట.

మర్సాలీ పేరు పెట్టడానికి రాలేదు. పదకొండింటికి అక్క దగ్గరికొచ్చింది.

"మిస్, నా దాంట్లో ఏముంది?"

"చూడాలనుందా?"

తలూపింది.

టోర్మోడ్ ఒక్కసారి ముందుకొచ్చాడు, తను చేస్తానన్నట్టు. అక్క వద్దంది. మర్సాలీని వెంటబెట్టుకుని బయట కంచె పక్కకి, గాలి తగలని చోటికి వెళ్ళింది. వస్తామన్న ఇంకో ముగ్గురు పిల్లలు కూడా వెళ్ళారు. మిసెస్ పెట్రీ తలుపు దగ్గర నిలబడింది. ఆ రోజు పీట్ గడ్డలు దింపడానికి వచ్చి, నేనూ అక్కడే ఉన్నాను.

అక్క పెంకు కొద్దికొద్దిగా ఒలిచింది. లోపల పిల్ల ముడుచుకుని ఉంది, తల రెక్క కింద పెట్టుకుని. అన్నీ వచ్చేశాయి దానికి.

"ఈకలున్నాయి" అంది మర్సాలీ.

"ఉన్నాయి."

"గోళ్ళు కూడా."

"అవును."

"ఇది మీవల్లే చచ్చిపోయింది."

"నావల్లే."

అక్క "కానీ" అనలేదు, "అయినా" అనలేదు. నేనైతే ఈపాటికి పది మాటలు అనేవాణ్ణి.

"మీకు ఏడుపొచ్చిందా?"

"ఆదివారం వచ్చింది."

"నాకిప్పుడొస్తోంది" అంది మర్సాలీ. ఏడ్చింది. అక్క తడిగడ్డిలో ఆమె పక్కనే కూర్చుంది, గుడ్డు ఇద్దరి మధ్యా పెట్టుకుని. ఎంతసేపో నేను లెక్క చూడలేదు. మిగిలిన ముగ్గురూ మెల్లగా లోపలికి పోయారు. చివరికి మర్సాలీ చేత్తో ముక్కు తుడుచుకుని, "దీని బొమ్మ గియ్యాలి. గోళ్ళు ఎన్నో మర్చిపోకముందే" అంది. ఇద్దరూ లేచారు. ఇద్దరి వెనకా తడి మరకలే.

మర్సాలీ లోపలికెళ్ళి గోడ మీది కాగితం దగ్గర, ఖాళీగా ఉన్న రెండో గడిలో, ముడుచుకున్న కోడిపిల్ల బొమ్మ గీసింది. గోళ్ళు పెద్దవిగా గీసింది. కింద తన పేరు రాసింది. అది చూసి కోడిపిల్ల రాని మిగతావాళ్ళూ ఒక్కొక్కరే లేచి వచ్చారు. టోర్మోడ్ పిల్ల రాని గుడ్లన్నీ తీసి బల్ల మీద పెట్టాడు. చూడాలన్నవాళ్ళు చూశారు, వద్దన్నవాళ్ళు పేర్ల చర్చలోకి పోయారు.

మిసెస్ పెట్రీ కోట్ల గదిలో, పిల్లల బూట్ల మధ్య నిలబడి రాసింది. రాసి అక్కకి ఇచ్చింది.

"పాస్" అంది. "భిన్నాల పాఠం మాత్రం బాకీ ఉంది. సోమవారం చెప్పండి. ఎఫీ చూసి నాకు రాస్తుంది."

"చెప్తానండీ."

"మీ ప్లాను కాగితం నేను ఉంచుకోవచ్చా?"

అక్క ఉంచుకోమంది. తర్వాత ఆ ఖరీదైన చెప్పులకి పట్టిన కోడిపెంట ఎలా తుడుచుకోవాలో చూపించింది. విమానాశ్రయం దాకా ఆమెని నేనే దింపాను. దిగేటప్పుడు, "నువ్వేం చదివావు?" అని అడిగింది. రెండేళ్ళు చదివి వదిలేశానన్నాను. "ఆ రెండేళ్ళూ ఏం చదివావు?" అంది. ఆ ప్రశ్న నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఆగస్టులో అక్కకి హారిస్ వైపు ఒక బడిలో మొదటి ఏడాది పోస్టింగు వచ్చింది. బస్సులో గంట ప్రయాణం. మొదటి రోజు సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇరవై ఇద్దరు పిల్లల సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఎవడికి ఎడమచేతి వాటం, ఎవరు కిటికీ పక్కన కూర్చుంటేనే లెక్కలు చేస్తారు, ఏ పిల్ల అడిగిన ప్రశ్నకి తన దగ్గర జవాబు లేదు. అమ్మ టీ ముందు పెట్టి, "ముందు తాగు, చల్లారిపోతోంది" అంది. అక్క కప్పు ఎత్తింది, తాగకుండానే దించింది. అప్పటికి ఇంకా పద్నాలుగో పిల్ల సంగతి దగ్గరే ఉంది.